నేలను వదలని చక్రం

హైదరాబాద్ పాతబస్తీలో దబీర్‌పురా దర్వాజా దగ్గర సాయంత్రం పూట బండ్లు సాగే తీరు చూస్తుంటే ఒక సంగతి మనసును తొలుస్తూ ఉంటుంది. పైపులైను కోసమో కేబుల్ కోసమో రోడ్డును అడ్డంగా తవ్వి, మట్టి కప్పి, పైన పలచగా తారు పూసి వదిలేసిన గాడి పాతబస్తీ వీధుల్లో ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటుంది. నాలుగు వానలు పడగానే అది నాలుగు వేళ్ల లోతు కుంగుతుంది. నిండా మనుషులతో వచ్చే ఆటో వేగం పెద్దగా తగ్గించకుండానే దాన్ని దాటేస్తుంది. ముందు చక్రం గాడిలోకి దిగి లేస్తుంది, బండి ఒక్కసారి ముందుకు వంగి సర్దుకుంటుంది, అంతే. దాని వెనకే స్ప్రింగులు కోయించి కిందికి దించిన చిన్న కారు వస్తుంది. పెద్ద అలాయ్ వీల్స్, పట్టీల్లాంటి పలచటి టైర్లు, వెనక బండికి వినపడే సైలెన్సర్. ఆ కారు గాడి దగ్గర దాదాపు ఆగిపోతుంది. ఒక్కో చక్రాన్నీ ఏటవాలుగా దింపుకుంటూ, అడుగున ఇంజిన్ నూనె చాంబర్ ఎక్కడ గీసుకుంటుందోనని వెనకాముందాడుతూ, మనిషి నడక కంటే నెమ్మదిగా దాటుతుంది. వేగం కోసమే మార్పించుకున్న బండి ఆగింది. సవారీల కోసం తిరిగే బండి వెళ్లిపోయింది. రేసు కారును పోలి ఉండటం వేరు, వేగంగా పోగలగడం వేరు అనుకుని వదిలేయవచ్చు. కానీ ఆ రెండింటినీ మనం ఒకటిగా ఎందుకు చూస్తున్నాం? కిందికి దించి గట్టిపరిస్తే కారు మెరుగవుతుందన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? అది ఏ నేల మీద నిజం, ఏ నేల మీద కాదు?

ఆ కారు కుర్రవాడికి మట్టి మీద పోటీకి దిగాలని ఉందనుకుందాం. హైదరాబాద్ నుంచి నవీన్ పులిగిల్ల లాంటివారు జాతీయ రాలీ చాంపియన్‌షిప్ దాకా వెళ్లారు కాబట్టి ఇది గాలిలో కట్టిన కోరికేమీ కాదు. మన దేశంలో కొత్తవాళ్లకు తొలిమెట్టు సాధారణంగా ఆటోక్రాస్. మొరం మైదానం, మలుపులకు గుర్తుగా కోన్లు, ఒక్కో కారునూ విడిగా వదిలి సమయం లెక్కగట్టడం: ఇదీ పద్ధతి. అమెరికాలో ఎస్‌సీసీఏ క్లబ్బు దాదాపు ఇదే ఆటను రాలీక్రాస్ అన్న పేరుతో నడుపుతుంది. యూరప్‌లో రాలీక్రాస్ అంటే నాలుగైదు కార్లు పక్కపక్కనే దూసుకుపోయే పోటీ. 1967 ఫిబ్రవరి 4న ఇంగ్లండ్‌లోని లిడెన్ హిల్‌లో టెలివిజన్ కోసం పెట్టిన మొట్టమొదటి పోటీని విక్ ఎల్ఫోర్డ్ పోర్షా 911తో గెలిచాడు. పద్ధతులు వేరైనా మట్టి నేల స్వభావం ఒకటే. దుబ్బ, కంకర, తడి తగిలితే జారుడు, పది కార్లు తిరిగేసరికి మలుపుల్లో గాళ్లు. ఇలాంటి నేల మీదికి వెళ్లాలనుకునే కుర్రవాడు మెకానిక్ దగ్గర మొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఏ స్ప్రింగులు వేయిద్దాం, ఎంత కిందికి దించుదాం? నా వాదన ఏమిటంటే, ఆ ప్రశ్నలోనే దారి తప్పింది. మట్టి మీద సస్పెన్షన్ పని కారును గట్టిగా పట్టి ఉంచడం కాదు, చక్రాన్ని నేల మీద నిలిపి ఉంచడం. ఆ పనికి కావలసింది మెత్తటి స్ప్రింగు, చక్రం పైకీ కిందికీ కదలడానికి చాలినంత చోటు, ఆ కదలికను అదుపులో పెట్టే మంచి షాకబ్జార్బర్. డబ్బు పెట్టవలసిన వరుస కూడా దీన్ని బట్టే ఉండాలి.

స్ప్రింగు దగ్గర మొదలుపెడదాం. కారును జాకీ మీద ఎత్తితే చక్రం కిందికి వేలాడుతుంది. జాకీ దించితే కారు బరువుకు స్ప్రింగు కుంగి ఒకచోట నిలుస్తుంది. ఆ కుంగుడును చాలామంది లెక్కలోకి తీసుకోరు గానీ, చక్రం గుంతలోకి దిగడానికి దొరికే ఆస్తి అదే. స్ప్రింగు ఎంత కుంగి ఉందో, దాదాపు అంత లోతు వరకే అది చక్రాన్ని కిందికి నెట్టగలదు. ఆ తర్వాత నెట్టే బలం ఉండదు, చక్రం ఊరికే వేలాడుతుంది. దీనికో సులువైన లెక్క ఉంది. షాకబ్జార్బర్ అడ్డు లేకుండా కారు బాడీని ఒక్కసారి నొక్కి వదిలితే స్ప్రింగు మీద అది సెకనుకు ఎన్ని ఊపులు ఊగుతుందో చూసి, 25ను ఆ అంకె వర్గంతో భాగిస్తే, చక్రం దగ్గర కుంగుడు ఇంచుమించుగా సెంటీమీటర్లలో వస్తుంది. కంపెనీ నుంచి వచ్చే మామూలు కార్లు సెకనుకు 1 నుంచి 1.5 ఊపుల మధ్య ఉంటాయి. 1.3 అనుకుంటే కుంగుడు సుమారు 15 సెంటీమీటర్లు. స్ప్రింగును బాగా గట్టిపరిచి 2 ఊపులకు తెస్తే అది 6 సెంటీమీటర్లకు పడిపోతుంది, 2.5కు తెస్తే 4. ఇప్పుడు దబీర్‌పురాలో కుంగిన ఆ గాడిని గుర్తు తెచ్చుకుంటే, నాలుగు వేళ్లంటే ఏడెనిమిది సెంటీమీటర్లు. కంపెనీ స్ప్రింగు మీద ఉన్న చక్రం ఆ గాడి అడుగును తాకి, ఇంకా నొక్కుతూనే ఉంటుంది. 2 ఊపుల స్ప్రింగు మీద ఉన్న చక్రానికి అడుగు చేరేలోపే నెట్టే బలం అయిపోతుంది. మట్టి మైదానంలో మలుపు మధ్యలో ఇదే జరిగితే ఆ క్షణాన ఆ టైరు స్టీరింగుకూ బ్రేకుకూ ఇంజినుకూ ఎవరికీ పనికిరాదు.

స్ప్రింగు కోయించడం ఈ నష్టాన్ని రెండు వైపుల నుంచీ తెస్తుంది. చుట్టలు తగ్గేకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది. పనిచేసే చుట్టలు ఆరు ఉన్నదాంట్లో ఒకటి కోస్తే ఇరవై శాతం గట్టిపడుతుంది. అది కిందికి దిగే చోటును తింటుంది. కారు ఎత్తు తగ్గడం పైకి లేచే చోటును తింటుంది. చక్రం కొద్దిగా లేచేసరికే షాకబ్జార్బర్ రాడ్డు చుట్టూ ఉండే బంప్ రబ్బరు తగులుతుంది. రబ్బరు తగిలిన క్షణం నుంచి అక్కడ స్ప్రింగు ఉన్నట్టు కాదు, దిమ్మె ఉన్నట్టు. టైరు మీద బరువు అమాంతం పెరుగుతుంది, టైరు జారుతుంది, కారు గిరుక్కున పక్కకు తిరుగుతుంది. నడిపేవాడికి తన చేయి తప్పిందనిపిస్తుంది, మరుసటి రౌండులో స్టీరింగు ఇంకాస్త జాగ్రత్తగా తిప్పుతాడు. తప్పు చేతిలో లేదు, బంప్ రబ్బరులో ఉంది. కొత్తవాళ్లకు గట్టి కారు చేసే అసలు అన్యాయం ఇదని నాకనిపిస్తుంది. అది ముందుగా చెప్పదు. మెత్తటి కారు మలుపులో ఒరుగుతూ, ముక్కు వంచుతూ, పట్టు తగ్గిపోతోందని ముందే కబురు పంపుతుంది. గట్టిది కబురు లేకుండా వదిలేస్తుంది.

ఇక్కడ వచ్చే మొదటి అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేయవలసింది కాదు. మెత్తగా, ఎత్తుగా ఉన్న కారు మలుపులో ఒరిగి బోర్లా పడదా? లెక్క చూద్దాం. మలుపులో లోపలి చక్రాల మీది నుంచి బయటి చక్రాల మీదికి ఎంత బరువు మారుతుందన్నది కారు బరువు, గరిమనాభి ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మలుపు వేగం తేలుస్తాయి. స్ప్రింగు మెత్తదనానికి ఆ మొత్తంలో వాటా చాలా తక్కువ. గట్టి స్ప్రింగు ఒరుగుడును తగ్గిస్తుంది, బరువు మారడాన్ని ఆపదు. 900 కిలోల కారు, గరిమనాభి ఎత్తు 55 సెంటీమీటర్లు, చక్రాల మధ్య వెడల్పు 135 సెంటీమీటర్లు అనుకుందాం. పొడి తారు మీద టైర్లు కారు బరువులో దాదాపు తొమ్మిది పదోవంతుల పక్కబలం ఇచ్చినా, అప్పుడు మారే బరువు 330 కిలోలు. లోపలి రెండు చక్రాల మీద 120 కిలోలే మిగులుతాయి. మట్టి మీద పక్కబలం కారు బరువులో సగమే అనుకుంటే మారేది 183 కిలోలు, లోపల 267 కిలోలు మిగిలే ఉంటాయి. కారును మూడు సెంటీమీటర్లు ఎత్తితే ఆ 183 కాస్తా 193 అవుతుంది. పది కిలోల తేడాకు భయపడి చక్రం కదిలే చోటును వదులుకోవడం సరైన బేరం కాదు. పైగా తారు మీద ఒరుగుడును అణచడానికి కావలసినంత గట్టిదనం మట్టి మీద అవసరమే పడదు, ఎందుకంటే ఒరిపించే బలమే అక్కడ దాదాపు సగం.

అయితే మట్టి మీద కార్లు బోర్లా పడటం లేదా? పడతాయి. పట్టు వల్ల పడేవి తక్కువ, తట్టుకుని పడేవి ఎక్కువ. పక్కకు జారుతున్న కారు బయటి చక్రాలు లోతు గాడిలో ఇరుక్కుంటే అక్కడ గోడకు కొట్టినట్టవుతుంది. దానికి గట్టి స్ప్రింగు మందు కాదు. గాడి లోతెక్కినప్పుడు నిర్వాహకులు కోన్లు జరిపి దారి మార్చడం, లేదా ఆ రోజుకు ఆపడం మందు. హెల్మెట్టూ సీటు బెల్టూ ఎలాగూ తప్పనిసరి. కారును అవసరానికి మించి ఎత్తడం ఇక్కడ నిజంగా ప్రమాదమే కాబట్టి నేను చెబుతున్న ఎత్తు కంపెనీ ఇచ్చిన ఎత్తు, మహా అయితే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ. ఆ ఎక్కువను కూడా స్ప్రింగు మీద రబ్బరు దిమ్మెలు పెట్టి సంపాదించడంలో ఒక చిక్కు ఉంది. షాకబ్జార్బర్ పొడవు మారదు కాబట్టి, పైకి ఎంత ఎత్తామో కిందికి దిగే చోటు అంత తగ్గిపోతుంది. పైకి ఎనిమిది, కిందికి ఎనిమిది సెంటీమీటర్లు ఉన్న చోట పైకి పదకొండు, కిందికి ఐదు మిగులుతాయి. గుంతలో చక్రం వేలాడే జబ్బు మళ్లీ మరో దారిలో వచ్చి కూర్చుంటుంది. ఎత్తాలంటే పొడవాటి షాకబ్జార్బర్ కూడా కావాలి, అలైన్‌మెంట్ మళ్లీ చూసుకోవాలి, ఇంజిన్ నుంచి చక్రానికి వచ్చే డ్రైవ్ షాఫ్టుల వంపు ఎంత పెరిగిందో చూడాలి. ఇవేవీ చేయించే ఉద్దేశం లేకపోతే కంపెనీ ఎత్తే మేలు.

ఇదంతా కాగితం మీది లెక్కేనా అని సందేహించేవాళ్లకు చరిత్ర మంచి సాక్ష్యం ఇస్తుంది. 1948లో పారిస్‌లో బయటికి వచ్చిన సిట్రోయెన్ 2సీవీని తలపెట్టినప్పుడు ఆ కంపెనీ పెట్టుకున్న షరతు అందరికీ తెలిసిందే: బుట్టలో గుడ్లు పెట్టుకుని దున్నిన చేను మీదుగా పోయినా ఒక్కటీ పగలకూడదు. దాని స్ప్రింగులు బాడీ పక్కన పొడవునా గొట్టాల్లో ఉండేవి, ముందు చక్రం ఆర్మునూ వెనక చక్రం ఆర్మునూ కలిపేవి. మలుపులో అది ఒరిగే తీరు చూస్తే కొత్తవాళ్ల గుండె జారుతుంది. అటువంటి రైతు బండితో 1972లో ఫ్రాన్స్‌లో మట్టి ట్రాకు మీద పోటీలు మొదలయ్యాయి. 2సీవీ క్రాస్ అనే ఆ ఆట ఏళ్ల తరబడి సాగింది. ఇంకాస్త పెద్ద వేదిక తూర్పు ఆఫ్రికా సఫారీ రాలీ. అక్కడ ప్యూజో 404 కారు 1963లో, మళ్లీ 1966 నుంచి 1968 వరకు వరసగా గెలిచింది. ప్యూజో 504 కారు 1975లోనూ 1978లోనూ గెలిచింది. ఇవి కుటుంబాలు వాడుకునే కార్లు, మెత్తగా సాగే సస్పెన్షన్‌కు పేరుపడ్డవి. మధ్యలో 1965లో కెన్యా సిక్కు జోగీందర్ సింగ్ వోల్వో పీవీ544తో గెలవడం, ఆ తర్వాత మిత్సుబిషి లాన్సర్‌తో 1974, 1976లలో మరో రెండుసార్లు గెలవడం కూడా ఇదే కథలో భాగం. అక్కడ గెలిపించింది మెత్తదనం ఒక్కటే అనడం అతి అవుతుంది. గట్టి బాడీ, ఓర్పు, దారి తెలిసిన మనిషి, అన్నీ కలవాలి. కానీ గట్టిపరిచి కిందికి దించడమే వేగానికి దారి అయితే, ప్రపంచంలోనే కఠినమైన మట్టి దారుల మీద ఈ కార్లు ఇన్నిసార్లు గెలవకూడదు కదా.

దీనికంటే సూటిగా తగిలే రుజువు నేటి ప్రపంచ రాలీ చాంపియన్‌షిప్‌లో ఉంది. అదే జట్టు, అదే కారు, అదే డ్రైవర్. తారు రాలీకి వెళ్లేటప్పుడు కారును దించి, స్ప్రింగులు గట్టిపరిచి, 18 అంగుళాల చక్రాలు వేస్తారు. మట్టి రాలీకి వెళ్లేటప్పుడు పైకి ఎత్తి, మెత్తపరిచి, చక్రం కదిలే చోటు పెంచి, 15 అంగుళాల చక్రాలు, వాటి మీద ఎత్తు గోడల టైర్లు వేస్తారు. డబ్బుకు కొదవలేని జట్లు, పదో వంతు సెకను కోసం ఆరాటపడే ఇంజినీర్లు నేల మారగానే సస్పెన్షన్ మార్చుకుంటుంటే, ఒక్క సెట్టింగునే రేసింగ్ సెట్టింగ్ అనుకోవడంలో అర్థం లేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పోటీలో జాన్ ఎరిక్ వెర్న్ గెలిచిన కారు నేలను ఒరుసుకున్నట్టు వెళ్లింది. ఆ రేసు కోసం సిద్ధం చేసిన తారు మీద అది సబబే. ఈ నగరపు కుర్రకారు కళ్లలో నిలిచిపోయిన రేసు కారు బొమ్మ అటువంటిదే. మూసీ నది దాటి పాతబస్తీకి వచ్చేసరికి నేల మారుతుంది, నగరం పొలిమేర దాటి మొరం మైదానానికి వెళ్లేసరికి పూర్తిగా మారుతుంది. బొమ్మ మాత్రం మారడం లేదు.

మన దగ్గర తప్పకుండా ఎదురయ్యే మరో వాదం జిప్సీది. మారుతి జిప్సీకి ముందూ వెనకా గట్టి యాక్సిల్, కమాన్ పట్టీలు. ఎక్కి కూర్చుంటే నడుము విరుగుతుంది. అయినా 1985లో వచ్చిన ఆ బండి దశాబ్దాల పాటు భారతీయ రాలీల్లో రాజ్యమేలింది. రాలీ డ్రైవర్ హరి సింగ్ పేరు చెబితే జిప్సీ గుర్తొస్తుంది, జిప్సీ చెబితే హరి సింగ్. మరి మెత్తదనం గొప్పదైతే జిప్సీ ఎలా గెలిచింది? నా జవాబు: గట్టి పట్టీల వల్ల కాదు, గట్టి పట్టీలు ఉన్నా గెలిచింది. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం వెళ్తుంది, నేలకూ బండికీ మధ్య 21 సెంటీమీటర్లు, బరువు తక్కువ, విరిగినా దారి పక్కనే బాగుచేసుకోగల సాదా నిర్మాణం. ముందు చక్రాలతో మాత్రమే లాగే చిన్న కారుకు ఆ నాలుగు చక్రాల బలమూ ఆ ఎత్తూ లేవు. దానికి ఉన్న ఆధారమల్లా ముందు రెండు టైర్లు నేలను వదలకపోవడం. జిప్సీకి చెల్లిన పాపం ఆల్టో లాంటి కారుకు చెల్లదు. కమాన్ పట్టీల్లో ఇంకో గుణం కూడా ఉంది: పట్టీ మీద పట్టీ రాసుకునే ఒరిపిడి కొంతవరకు షాకబ్జార్బర్ పని చేస్తుంది. కానీ ఆ ఒరిపిడి చిన్న చిన్న ఎగుడుదిగుళ్లకు పట్టీలను అసలు కదలనివ్వదు, పెద్దవాటికి మాత్రమే లొంగుతుంది. కంకర నేల మీద ఎక్కువగా ఉండేవి చిన్నవే.

ఆ చిన్నవాటి దగ్గరే షాకబ్జార్బర్ విలువ తెలుస్తుంది. బాగా తిరిగిన మొరం దారి మీద అడ్డంగా అలలు కడతాయి, దాదాపు మీటరుకొకటి చొప్పున. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. అంటే ప్రతి చక్రానికీ సెకనుకు పదకొండు దెబ్బలు. చక్రం, హబ్బు, బ్రేకు కలిసిన ముద్ద టైరు రబ్బరు మీద తనంతట తాను ఎగిరే లయ కూడా మామూలు కారులో సెకనుకు పది పన్నెండు. రెండూ కలిశాయంటే చక్రం నేల మీద తిరగదు, నేల మీద గెంతుతుంది. కారు తేలుతున్నట్టుంటుంది, స్టీరింగు తిప్పినా వినదు. దీన్ని ఆపగలిగేది స్ప్రింగు కాదు. స్ప్రింగు తీసుకున్న శక్తిని మళ్లీ తిరిగి ఇచ్చేస్తుంది. షాకబ్జార్బర్ దాన్ని నూనెలో వేడిగా మార్చి బయటికి పంపుతుంది. అందుకే మట్టి మీద నాలుగైదు నిమిషాలు తిరిగిన కారు షాకబ్జార్బర్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. వేడెక్కిన నూనెలో నురగ పుడితే అదుపు తగ్గుతుంది. లోపల నైట్రోజన్ ఒత్తిడి ఉన్న గ్యాస్ షాకబ్జార్బర్లలో ఆ నురగ ఆలస్యంగా వస్తుంది. వాటికి పెట్టే డబ్బుకు అర్థం అక్కడుంది, పైన వేసిన రంగులో లేదు. నెత్తిన నీళ్ల బిందెతో గుట్ట దిగే మనిషి మోకాళ్లు మెత్తగా వంగుతాయి, కానీ కూలబడవు. స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసి చేయవలసిన పని సరిగ్గా అదే.

షాకబ్జార్బర్ అనగానే గట్టిదే కొనాలనుకుంటే మాత్రం మళ్లీ మొదటికొస్తాం. అది రెండు వైపులా పనిచేస్తుంది: చక్రం పైకి లేచేటప్పుడు ఒక అడ్డు, తిరిగి కిందికి దిగేటప్పుడు మరొక అడ్డు. గుంత వచ్చినప్పుడు చక్రాన్ని కిందికి నెట్టే బలం, అంతదాకా ఆ చక్రం మోసిన కారు బరువే. ముందు చక్రం ఒక్కొక్కటీ 230 కిలోలు మోస్తుంటే, 35 కిలోల చక్రం ముద్దను ఆ 230 కిలోల స్ప్రింగు బలం నేలకేసి నెడుతుంది. చక్రం చురుగ్గా దిగాలి, దిగగలదు కూడా. దిగే వైపు అడ్డు మరీ ఎక్కువైతే చక్రం ఆలస్యంగా దిగుతుంది. అది నేలను చేరేలోపే ఇంకో దెబ్బ వచ్చి మళ్లీ పైకి నెడుతుంది. వరసగా నాలుగు దెబ్బలకు కారు మెట్టు మెట్టుగా కిందికి కుంగి బంప్ రబ్బరు మీద కూర్చుంటుంది. చూసేవాళ్లకు స్ప్రింగు మెత్తగా ఉందనిపిస్తుంది. మెకానిక్ ఇంకా గట్టి స్ప్రింగు వేస్తాడు, కారు ఇంకా పాడవుతుంది. రోగం ఒకచోట, మందు మరోచోట.

ముందు చక్రాలతో లాగే కారు మెత్తగా ఉంటే మలుపు తిరగదు, ముక్కు బయటికే పోతుంది అన్నది అనుభవజ్ఞుల అభ్యంతరం. ఇందులో నిజం ఉంది. కానీ దానికి నాలుగు మూలలా గట్టి స్ప్రింగులు వేయడం జవాబు కాదు. మామూలు డిఫరెన్షియల్ ఉన్న కారులో ఏ చక్రానికి పట్టు తక్కువో దాన్ని మించి రెండో చక్రానికీ బలం అందదు. మలుపులో లోపలి ముందు చక్రం తేలిందంటే ఇంజిన్ బలం అంతా దాన్ని ఊరికే తిప్పడానికే పోతుంది. ముందు రెండు చక్రాలనూ కలిపే స్టెబిలైజర్ రాడ్ ఎంత లావుగా ఉంటే లోపలి చక్రం అంత తేలిక అవుతుంది. పైగా కుడి చక్రం తిన్న దెబ్బను ఎడమ చక్రానికీ పంచుతుంది. అందుకే మట్టి మీద ముందు రాడ్‌ను బలహీనపరిచి, కారు తిరగడం కోసం వెనక భాగాన్ని కాస్త గట్టిపరచడం తెలివైన దారి. వెనక లోపలి చక్రం గాలిలో లేచినా నష్టం పెద్దగా ఉండదు, అది లాగే చక్రం కాదు. ముందు రాడ్ పూర్తిగా విప్పేయమని కొందరు సలహా ఇస్తారు. విప్పే ముందు కారు కిందికి వంగి చూడాలి: మారుతి 800 లాంటి పాత చిన్న కార్లలో ఆ రాడ్ ఒరుగుడును ఆపడమే కాదు, లోయర్ ఆర్మ్ ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టి ఉంచేది కూడా అదే. దాన్ని తీసేస్తే చక్రం చోటు తప్పుతుంది, బ్రేకు వేసినప్పుడు ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. ఒక కారుకు వరమైన సలహా మరో కారుకు ప్రాణం మీదికి తెస్తుంది.

నా వాదనకు హద్దు ఎక్కడుందో కూడా చెప్పాలి. తడిపి, రోలర్ తిప్పి గట్టిపరిచిన చదును మైదానంలో, పొద్దున్నే తొలి రెండు రౌండ్లలో, కాస్త గట్టి కారు నిజంగానే చురుగ్గా ఉంటుంది. స్టీరింగు తిప్పగానే మాట వింటుంది, ఒక కోను నుంచి ఇంకో కోనుకు తిరగడంలో సమయం మిగులుతుంది. ఆ సంగతి కాదనను. కానీ పోటీ తొలి రౌండుతో ముగియదు. ఎండెక్కేకొద్దీ తడి ఆరుతుంది, పై పొర దుబ్బగా లేస్తుంది, మలుపుల్లో గాళ్లు పడతాయి. అన్ని రౌండ్ల సమయాలూ కలిపి చూసే పోటీలో మధ్యాహ్నం పోగొట్టుకున్న సెకన్లు పొద్దున గెలుచుకున్న వాటిని మింగేస్తాయి. సెట్టింగును మంచి క్షణానికి కాదు, చెడ్డ క్షణానికి తగ్గట్టు ఎంచుకోవడం నాకు సబబుగా తోస్తుంది. ఏటా రెండు మూడు పోటీలకు వెళ్లి, మిగతా రోజుల్లో అదే కారులో పిల్లల్ని బడికి దించేవాళ్లకైతే మరీను.

ఇక డబ్బు. మంచి షాకబ్జార్బర్ల జత కంటే స్ప్రింగు కోయించడం ఎన్నో రెట్లు చవక, అందుకే అందరూ అటు పోతారు అంటే కాదనలేం. కానీ ఆ రెండింటి మధ్య ఇంకో ఖర్చు ఉంది, దాన్ని ఎవరూ రేసింగ్ ఖర్చుగా చూడరు. లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, స్ట్రట్ పైన ఉండే మౌంటింగ్ రబ్బర్లు. పదేళ్లు హైదరాబాద్ గుంతల్లో తిరిగిన కారులో ఇవి సగం అరిగిపోయి ఉంటాయి. అరిగిన బుష్ మీద ఎంత ఖరీదైన షాకబ్జార్బర్ పెట్టినా, అది పని మొదలుపెట్టేలోపే చక్రం అర సెంటీమీటరు తన ఇష్టం వచ్చినట్టు కదిలిపోయి ఉంటుంది. మొదటి రూపాయి బుష్‌లకు, రెండోది షాకబ్జార్బర్లకు, మూడోది చాంబర్ కింద ఇనప గార్డుకు, నాలుగోది ఎత్తు గోడలున్న టైర్లకు పోవాలి. స్ప్రింగుకు ఏమైనా మిగిలితే చూడొచ్చు. దీన్ని చేయించడానికి బెంగళూరో కోయంబత్తూరో పోనక్కర్లేదు. పాతబస్తీ గ్యారేజీల్లో బుష్‌ను చేత్తో కదిపి చూసి ఇది పోయింది, ఇది ఇంకో ఏడాది వస్తుంది అని చెప్పగల చేతులు తరతరాలుగా ఉన్నాయి. వాళ్లకు మనం ఇవ్వవలసింది సరైన ప్రశ్న.

పోటీలో దిగే ముందు ఆ పోటీ వర్గం నిబంధనలు చదవడం మరిచిపోకూడదు; ఏ వర్గంలో ఏ భాగం మార్చవచ్చో పుస్తకంలో రాసే ఉంటుంది, కోసిన స్ప్రింగు ఒక్కటి చాలు స్టాక్ కారును మార్పులు చేసిన కార్ల మధ్యకు నెట్టేయడానికి. ఆ తర్వాత తేల్చవలసింది నేల మీదే. షాకబ్జార్బర్ రాడ్డు మీది దుమ్ము తొడుగు పైకి జరిపి, సిలిండర్ అంచుకు ఆనుకునేలా ఒక సన్నటి ప్లాస్టిక్ టై బిగిస్తే, కారు ఒక రౌండు తిరిగి వచ్చేసరికి సిలిండర్ దాన్ని ఎంతవరకు పైకి నెట్టిందో కనబడుతుంది. చక్రం ఎంత లేచిందో చెప్పే కొలత అది. నాలుగు చక్రాలకూ నాలుగు టైలు. ఏదైనా టై ప్రతి రౌండులోనూ బంప్ రబ్బరును ముద్దాడుతుంటే ముందు ఆ వైపు షాకబ్జార్బర్‌లో పైకి లేచే వైపు అడ్డును కొంచెం పెంచి చూడాలి, అప్పటికీ మారకపోతేనే ఒక మెట్టు గట్టి స్ప్రింగు. అధ్వానమైన గాడి దాటినా ఇంకా నాలుగైదు సెంటీమీటర్లు మిగిలి ఉంటే స్ప్రింగు ఇంకా మెత్తపరచడానికి చోటుంది. ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, ఏ చక్రానికి ఏం మార్చారో పుస్తకంలో రాసి, టైలను మళ్లీ అంచుకు జరిపి తర్వాతి రౌండుకు పంపాలి.